పది సెంట్ల పెత్తనం

పల్లెటూరి పిల్లలకు పని కొత్త కాదు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి గేదెకు మేత వెయ్యడం, మోటారు వేసి మడికి నీళ్లు కట్టడం, మిరప కోతలప్పుడు అమ్మ వెంట ఒక సాలు పట్టుకోవడం చాలామందికి వచ్చేస్తాయి. వాళ్ల దాకా రానిది పెత్తనం. ఏ విత్తనం వెయ్యాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఎప్పుడు అమ్మాలి, నష్టం వస్తే ఎలా సర్దుకోవాలి అన్నవన్నీ పెద్దల మాటలు. పిల్లలది చేతి సాయం మాత్రమే. బడిలోనూ ఇంతే. పాఠం ఏమిటో ఒకరు చెబుతారు, పరీక్ష ఇంకొకరు పెడతారు, మార్కులు మరొకరు వేస్తారు. ఇలా పెరిగిన కుర్రవాడిని ఇరవై ఏళ్లు దాటగానే “ఇక నీ కాళ్ల మీద నువ్వు నిలబడు” అంటే తడబడతాడు. అది వాడి లోపం కాదు. నిలబడి చూసే అవకాశం అంతకుముందు వాడికి ఎవరూ ఇవ్వలేదు.

అమెరికా పల్లెల్లో నూట ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘం సరిగ్గా ఈ లోటు మీదే పనిచేస్తోంది. తల, మనసు, చేతులు, ఆరోగ్యం అనే మాటలకు ఇంగ్లిషులో ఉన్న మొదటి అక్షరాలు నాలుగూ దాని పేరయ్యాయి. నాలుగు రేకుల క్లోవర్ ఆకు దాని గుర్తు. ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్ల వయసువాళ్లు ఇందులో ప్రధాన సభ్యులు. దేశం మొత్తం మీద దాదాపు 60 లక్షల మంది దాకా ఉంటారు. కేంద్ర వ్యవసాయ శాఖ, రాష్ట్రాల్లోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, మన జిల్లాల్లాంటి కౌంటీలు కలిసి డబ్బునూ సిబ్బందినీ సమకూరుస్తాయి. ఊరిలోని తల్లిదండ్రులు, రైతులు, టీచర్లు జీతం లేకుండా పిల్లలకు దారి చూపిస్తారు. ఇప్పుడది పట్నాలకూ పాకింది, రోబోల తయారీ కూడా నేర్పుతోంది. అయినా దాని అసలు పద్ధతి పుట్టింది పొలంలోనే.

1902 జనవరి 15న ఒహాయో రాష్ట్రం, క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహం అనే పల్లె బడుల పర్యవేక్షకుడు కోర్టు భవనం అడుగు అంతస్తులో పిల్లలను కూర్చోబెట్టి ఒక సంఘం పెట్టాడు. పిల్లలు ఇళ్లకు వెళ్లి లిట్మస్ కాగితంతో తమ పొలం మట్టిలో ఆమ్లగుణం ఉందో లేదో చూడాలి. మంచి మొక్కజొన్న విత్తనం ఏరుకుని పెంచాలి. కూరగాయలు, పూలు వెయ్యాలి. చేసిందంతా రాసి పెట్టాలి. సంఘం నడిపే పదవులకు తమలోంచే ఎన్నుకోవాలి. సొంతంగా ఒక పని, రాతలో దాని లెక్క, నలుగురితో కలిసి నడిపే సంఘం అనే మూడింటినీ గ్రాహం తొలి రోజునే ఒకచోట చేర్చాడు. ఆ తరువాత వచ్చినవాళ్లు వీటికి మెరుగులు దిద్దారు తప్ప పునాది మార్చలేదు.

అసలు పిల్లలతోనే ఎందుకు మొదలుపెట్టారు? విశ్వవిద్యాలయాల్లో కొత్త విత్తనాలు, కొత్త పద్ధతులు వస్తున్నాయి. రైతులు మాత్రం వాటిని నమ్మడం లేదు. తాతల నాటి సేద్యాన్ని పుస్తకం చూసి మార్చమంటే ఏ రైతు మాత్రం ఒప్పుకుంటాడు? పిల్లలకు ఆ భయం లేదు. ఒక చెక్కలో వేసి చూస్తారు, పండితే ఇంట్లో అందరికీ చూపిస్తారు. 1907లో మిసిసిపి రాష్ట్రం, హోమ్స్ కౌంటీలో డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే విద్యాధికారి 120 మంది మగపిల్లలతో మొక్కజొన్న సంఘం పెట్టాడు. ఒక్కొక్కరికి అరెకరం. వ్యవసాయ శాఖ తరఫున విస్తరణ ఉద్యమం నడిపిన సీమన్ నాప్ ఈ పనిని గుర్తించి, స్మిత్‌ను ఏడాదికి ఒక్క డాలరు జీతం మీద శాఖలో చేర్చుకున్నాడు.

మరో మూడేళ్లకు, 1910లో, సౌత్ కరొలైనాలోని వినోనా అనే ఊళ్లో జెర్రీ మూర్ అనే పదిహేనేళ్ల కుర్రవాడు ఒక్క ఎకరంలో 228 బుషెళ్ల పైచిలుకు మొక్కజొన్న పండించాడు. మన లెక్కలో అది సుమారు 58 క్వింటాళ్లు. అమెరికా సగటు దిగుబడి అప్పట్లో ఎకరానికి 30 బుషెళ్లు కూడా లేదు. సంకర విత్తనాలు రైతుల చేతికి రాని కాలమది. అందుకే ఆ అంకె దేశమంతా మారుమోగింది. అయితే పిల్లల పెంపకం గురించి ఆలోచించేవాళ్లు పట్టించుకోవలసిన విషయం వేరే ఉంది. ఆ ఎకరం ఆ కుర్రవాడిది. దుక్కి ఎంత లోతు, ఎరువు ఎంత, మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం అన్న ప్రతి ప్రశ్నకూ వాడే జవాబు చెప్పాలి. పంట పోతే చెప్పుకోవలసిందీ వాడే.

మగపిల్లల సంగతి సరే, మరి ఆడపిల్లలు? సౌత్ కరొలైనాలోనే ఏకెన్ కౌంటీలో మేరీ క్రోమర్ అనే బడి పంతులమ్మ ఈ ప్రశ్న అడిగింది. అడిగి ఊరుకోలేదు, 1910లో ఆడపిల్లలతో టొమాటో సంఘం పెట్టింది. ఒక్కొక్కరికి ఎకరంలో పదో వంతు భూమి. అంటే మనకు పది సెంట్లు, తెలంగాణ లెక్కలో నాలుగు గుంటలు. నారు పోసుకోవడం దగ్గర్నుంచి డబ్బాల్లో నింపి అమ్మడం దాకా పనంతా ఆ అమ్మాయిలదే. కాయలను వేడినీళ్లలో ముంచి తోలు ఊడదీయాలి, రేకు డబ్బాల్లో కూరాలి, మూతలకు మాటు వెయ్యాలి, తరువాత ఆ డబ్బాలను కాగే నీళ్లలో ఉడికించాలి. మాటు సరిగ్గా పడకపోతే లోపలి సరుకు పాడవుతుంది. తొలి ఏడాది కేటీ గంటర్ అనే అమ్మాయి తన పది సెంట్ల నుంచి 512 డబ్బాలు తయారుచేసి 40 డాలర్ల లాభం తీసింది. ఒక్కో డబ్బాలో దాదాపు కిలో సరుకు పడుతుంది.

టొమాటో సంఘాలు దక్షిణాది రాష్ట్రాలంతటా చకచకా వ్యాపించాయి. నార్త్ కరొలైనాలో వాటిని నడిపిన జేన్ మెకిమ్మన్ దగ్గరి అమ్మాయిలు తమ తోటల కథలను స్వదస్తూరీతో చిన్న చిన్న పుస్తకాలుగా రాశారు, అట్టల మీద టొమాటో బొమ్మలు గీశారు. ఆ పుస్తకాలు కొన్ని నేటికీ అక్కడి గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. సొంతంగా సంపాదించడం పల్లెటూరి ఆడపిల్లకు ఊహలో కూడా లేని రోజుల్లో వాళ్లు ఖర్చు రాశారు, రాబడి రాశారు, మిగిలిన డబ్బుతో ఏం చెయ్యాలో తామే తేల్చుకున్నారు. 1914లో స్మిత్-లివర్ చట్టం వచ్చి, కౌంటీల్లో వ్యవసాయ విస్తరణ సిబ్బందిని పెట్టడానికి ప్రభుత్వ నిధులు సమకూర్చింది. మొక్కజొన్న, టొమాటో సంఘాలు ఆ ఏర్పాటు కిందికి చేరి క్రమంగా ఫోర్-హెచ్ అనే ఒకే గొడుగు కిందికొచ్చాయి.

ఇప్పుడు ఒక పిల్ల ఈ సంఘంలో చేరితే ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఐయోవాలో ఒక పదమూడేళ్ల అమ్మాయి గొర్రెపిల్లను పెంచాలనుకుంది. వసంతంలో ముప్పై కిలోలకు కాస్త అటూ ఇటూ ఉన్న పిల్లను కొనుక్కుంటుంది. డబ్బు తన పొదుపులోదైనా కావచ్చు, నాన్న దగ్గర తెచ్చిన అప్పైనా కావచ్చు. అప్పయితే తీర్చాల్సిందే, అది కాగితం మీద ఉంటుంది. జీవానికి చెవి ట్యాగు వేసి, బరువు తూచి, పేరు నమోదు చేస్తారు. ఆ రోజు నుంచి వేసవిలో కౌంటీ సంత జరిగేదాకా, అంటే మూడు నాలుగు నెలలు, దాని తిండీ నీళ్లూ ఆరోగ్యమూ ఆ పిల్ల బాధ్యతే.

పొద్దున్నే లేచి దాణా తూచి పెడుతుంది. తొట్టిలో మిగిలితే ఎందుకు తినలేదో ఆలోచిస్తుంది. నట్టల మందు తాగిస్తుంది. మందు తాగించిన తేదీ రాసుకోవాలి. ఎందుకంటే ప్రతి మందుకూ ఇన్ని రోజుల దాకా జీవాన్ని మాంసానికి అమ్మకూడదన్న గడువు ఉంటుంది. ఆ గడువు దాటకుండా అమ్మితే తినేవాళ్లకు ద్రోహం చేసినట్టు. పదమూడేళ్ల పిల్లకు నిజాయితీ గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఆ ఒక్క తేదీని నిజంగా రాయించగలిగితే చాలు. రెండు వారాలకోసారి బరువు తూస్తుంది. రోజుకు ఎంత పెరిగింది, కిలో బరువు పెరగడానికి ఎంత దాణా పట్టింది అని భాగహారం చేస్తుంది. బడిలో ఇదే లెక్క వచ్చినప్పుడు ఆవలించిన పిల్ల, ఇక్కడ జవాబు తప్పితే రెండోసారి చేస్తుంది.

సంత నాడు ఆ జీవాన్ని ప్రదర్శన వలయంలోకి తీసుకెళ్లాలి. మెడకు తాడు లేకుండా, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి నడిపించాలి. న్యాయనిర్ణేత వచ్చి గొర్రె వీపు మీద వేళ్లతో నొక్కి కండ చూస్తాడు. ఆ పిల్లను ప్రశ్నలు అడుగుతాడు. దాణాలో ఏం కలిపావు? మాంసకృత్తులు ఎంత శాతం? దీనిలో నీకు నచ్చని లక్షణం ఏమిటి? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. సొంత చేతులతో పెంచిన జీవంలోని లోపాన్ని, నలుగురూ చూస్తుండగా, మొహం ముడుచుకోకుండా చెప్పగలగాలి. తరువాత వేలం. గొర్రె అమ్ముడుపోతుంది. చాలామంది పిల్లలు ఏడుస్తారు. పెద్దలు ఆ ఏడుపును ఆపరు, దాచరు. జీవాలు పెంచే ఇంట్లో ఇది ఎప్పుడూ ఉండేదేనని పక్కన కూర్చుంటారు. ఇంటికొచ్చాక ఆ అమ్మాయి నోటుపుస్తకం ముందేసుకుని లాభమో నష్టమో తేల్చి, అప్పు తీర్చి, వచ్చే ఏడాది ఏం మార్చాలో నాలుగు వాక్యాలు రాస్తుంది.

ఫోర్-హెచ్‌లో రికార్డు పుస్తకం అనేది ఈ నోటుపుస్తకమే. ఏడాది మొదట్లో లక్ష్యాలు, మధ్యలో ఖర్చులు, చివర్లో తన అనుభవం. సంఘంలో చేరిన పిల్లలు ఎక్కువగా విసుక్కునేది దీని గురించే. పెద్దయ్యాక ఎక్కువగా తలుచుకునేదీ దీన్నే. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పదహారేళ్లప్పుడు పిల్లలకు తాము ఎంత ఎదిగామో కనిపించదు. అద్దంలో మొటిమలు కనిపిస్తాయి, మార్కుల జాబితాలో ర్యాంకు కనిపిస్తుంది. మూడేళ్ల కిందటి పుస్తకం తెరిస్తే, అప్పుడు దాణా లెక్క రాక నాన్న చేత రాయించుకున్న పేజీ పక్కనే, ఇప్పుడు తానే చిన్నపిల్లలకు నేర్పుతున్న పేజీ ఉంటుంది. అది ఎవరో మెచ్చుకోలుగా అన్న మాట కాదు, రాతపూర్వకమైన రుజువు.

బహుమతుల దగ్గర కూడా ఫోర్-హెచ్ ఒక మంచి పద్ధతి పట్టుకుంది. దాన్ని డేనిష్ పద్ధతి అంటారు. పిల్లలు తెచ్చిన వస్తువులను ఒకదానితో ఒకటి పోల్చరు, ముందే రాసిపెట్టిన ప్రమాణంతో పోలుస్తారు. ప్రమాణానికి బాగా సరిపోతే నీలం రిబ్బను, కొంత మెరుగుపడాలంటే ఎరుపు, ఇంకా చాలా నేర్చుకోవాలంటే తెలుపు. పదిమంది పది మంచి జాడీల ఊరగాయ తెస్తే పదిమందికీ నీలం ఇవ్వొచ్చు. ఒక్కటీ బాగాలేకపోతే ఎవరికీ ఇవ్వకపోవచ్చు. ర్యాంకుల పోటీలో నలిగిపోతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులు దీని దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి. ఒకడు ఎదగాలంటే పక్కవాడు వెనకబడి తీరాలన్న లెక్క ఇందులో లేదు. పక్కవాడికి తనకు తెలిసిన కిటుకు చెప్పినా నష్టం లేదు. పైపెచ్చు చెప్పడానికే పిల్లలు ఇష్టపడతారు. పెద్ద సంతల్లో అందరికంటే మేలైనదానికి వేరే బహుమతి ఉంటుంది, పోటీ పూర్తిగా లేదని కాదు. అయితే అది చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

నెలకోసారి జరిగే సమావేశం మరో బడి. అధ్యక్షుడికి పదిహేనేళ్లు, కార్యదర్శికి పద్నాలుగు, కోశాధికారికి పన్నెండు ఉండొచ్చు. కిందటి సమావేశం తీర్మానాలు చదువుతారు. ఒకరు ప్రతిపాదిస్తే మరొకరు బలపరచాలి, ఆ తరువాతే చర్చ, ఆ తరువాతే ఓటు. చర్చలో ఓడినవాడు అలిగి వెళ్లిపోతే సంఘం ఆగదు. వచ్చే నెల తన మాట ఎలా నెగ్గించుకోవాలో ఆలోచించుకుని రావాలి. సంఘం దగ్గర ఉన్న డబ్బు ఎంత కొంచెమైనా కోశాధికారి లెక్క చదవాల్సిందే. ఇంతకంటే మంచి పౌరశాస్త్రం తరగతి ఎక్కడా దొరకదు.

మాట్లాడటం నేర్పే తీరు కూడా చూడదగ్గది. బిడియపడే పిల్లను మైకు ముందు నిలబెట్టి ఏదైనా మాట్లాడమంటే నోరు పెగలదు. ఫోర్-హెచ్‌లో ముందు చేతులకు పని ఇస్తారు. అంటు కట్టడమో, రొట్టె పిండి కలపడమో, సైకిల్ ట్యూబుకు పంక్చర్ వెయ్యడమో చేసి చూపిస్తూ మాట్లాడమంటారు. చూపు పని మీద ఉంటుంది, చెప్పాల్సింది చేతుల్లోంచే వస్తుంది. రెండు మూడు ఏళ్లకు చేతిలో ఏమీ లేకపోయినా మాట తడబడదు.

ఇదంతా వినడానికి బాగానే ఉంది, నిజంగా ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకు పరిశోధనలు కొంత జవాబు ఇచ్చాయి. ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయానికి చెందిన రీడ్ లార్సన్ పిల్లలు రోజులో వేర్వేరు వేళల్లో ఎలా ఉన్నారో వాళ్లచేతే నమోదు చేయించి, 2000లో ఒక వ్యాసం రాశాడు. తరగతి గదిలో వాళ్ల బుర్ర పనిచేస్తోంది గాని మనసు లేదు. స్నేహితులతో ఉన్నప్పుడు మనసుంది గాని బుర్రకు పని లేదు. తమకు తాముగా ఎంచుకుని, ఒక పద్ధతి ప్రకారం చేసే కళలు, ఆటలు, సంఘాల పనుల్లో మాత్రం రెండూ కలిసి కనిపించాయి. చొరవ పుట్టేది అక్కడేనని ఆయన వాదన.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లెర్నర్ బృందం 2002 నుంచి ఏళ్ల తరబడి, 42 రాష్ట్రాల్లో 7,000 మందికి పైగా పిల్లలను గమనించింది. ఫోర్-హెచ్ పిల్లలు తమ సమాజానికి మేలు చేసే పనుల్లో పాల్గొనే అవకాశం మిగతావాళ్లకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ఆ బృందం తేల్చింది. ఈ అంకెను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. ఇలాంటి సంఘాల్లో చేరే పిల్లలూ, చేర్చే తల్లిదండ్రులూ ముందే కాస్త చొరవ ఉన్నవాళ్లయి ఉండొచ్చు. అయితే ఆ అధ్యయనం గుర్తించిన మూడు లక్షణాలు మాత్రం ఏ ఊరికైనా పనికొస్తాయి: ఏడాదికి తగ్గకుండా పిల్లలతో కొనసాగే పెద్దమనిషి తోడు, బతుకుకు పనికొచ్చే నైపుణ్యం నేర్పే పని, ఆ పనిని నడిపించడంలో పిల్లలకే ముందు వరస. మూడిట్లో ఏది లోపించినా అది సరదా శిబిరమే అవుతుంది.

మూడోదే ఎక్కువగా జారిపోతుంది. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. అట్టడుగు మూడు మెట్లను భాగస్వామ్యం కిందే లెక్కవెయ్యలేదు. అలంకారం కోసం పిల్లలను నిలబెట్టడం వాటిలో ఒకటి. ముఖ్య అతిథి కోసం ఎండలో పూలగుత్తులు పట్టుకుని నిలబడిన బడిపిల్లలు ఆ మెట్టు మీదే ఉన్నారు. వాళ్లు అక్కడ నేర్చుకునేది ఓపిక ఒక్కటే.

ఫోర్-హెచ్ చరిత్రలో సిగ్గుపడాల్సిన భాగమూ ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల సంఘాలు దశాబ్దాలపాటు వేరుగా, తక్కువ నిధులతో, వేరే సిబ్బంది కింద నడిచాయి. 1906లోనే టస్కీగీ విద్యాసంస్థ నుంచి ఒక బండిలో పనిముట్లూ విత్తనాలూ వేసుకుని ఊరూరా తిరిగి నేర్పిన థామస్ మన్రో క్యాంప్‌బెల్ లాంటి విస్తరణాధికారులు ఆ కొద్దిపాటి వనరులతోనే నల్లజాతి పల్లెలకు గొప్ప సేవ చేశారు. 1964 పౌరహక్కుల చట్టం తరువాత గాని వేర్వేరు సంఘాలను కలిపే పని గట్టిగా మొదలు కాలేదు. మన ఊళ్లో సంఘం పెట్టేవాళ్లు దీన్ని పరాయి దేశపు గొడవగా చదివి వదిలెయ్యకూడదు. సమావేశం ఏ వీధిలో పెడుతున్నాం, ఎవరి గడప ఎక్కడానికి ఎవరు జంకుతారు, మంచినీళ్ల గ్లాసులు ఎలా తిరుగుతున్నాయి అన్నవి మొదటి రోజునే చూసుకోవాలి. రామాలయం అరుగు మీద పెట్టిన సంఘంలో సగం ఊరి పిల్లలు ఉండకపోతే, బడి వరండాలోకి మార్చాలి.

తెలుగు పల్లెలకు యువజన సంఘాలు కొత్త కాదు. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాల కింద వేలాది ఊళ్లలో అవి పేరు నమోదు చేసుకున్నాయి. క్రికెట్ పోటీలు, వినాయక చవితి పందిళ్లు, రక్తదాన శిబిరాలు వాటి ఖాతాలోవే. అవీ అవసరమే. కానీ ఆ సంఘాల్లో సాధారణంగా పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్లవాళ్లుంటారు. అందులోనూ పెద్దవాళ్లదే మాట. పదమూడేళ్ల పిల్లకు అక్కడ చోటు తక్కువ, ఆడపిల్లకు మరీ తక్కువ. బరువైన పని అప్పగిస్తే మన పల్లె యువత ఏం చెయ్యగలదో రంగారెడ్డి జిల్లా చూపించింది. శాంతా సిన్హా నడిపించిన ఎం.వి. ఫౌండేషన్ పనికి పోతున్న పిల్లలను బడికి తేవడానికి ఊళ్లోని యువతీయువకులనే ముందు పెట్టింది. ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులతో, ఆసాములతో మాట్లాడింది వాళ్లే. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది ఈ పనికే.

ఇక మీ ఊళ్లో, మీ ఇంట్లో దీన్ని ఎలా మొదలుపెట్టాలి? సంస్థ రావాలని ఎదురుచూడక్కర్లేదు. అయిదారుగురు పిల్లలు, ఏడాదిపాటు మాట తప్పని ఒక పెద్దమనిషి, నెలకు ఒక సాయంత్రం చాలు.

పని ఎంచుకోవడం దగ్గరే సగం సంఘాలు తప్పుదారి పడతాయి. పెద్దలు తమకు నచ్చిన పని పిల్లల చేతిలో పెడతారు. పిల్ల ఎంచుకోవాలి. అది ఒకే కాలంలో ముగిసేదై ఉండాలి, కొలవగలిగేదై ఉండాలి, చెడిపోయినా ఇల్లు మునగనిదై ఉండాలి. పెరట్లో రెండు సెంట్ల ఆకుకూరల మడి, పది నాటుకోడి పిల్లలు, ఒక మేకపిల్ల, పుట్టగొడుగుల సంచులు, కుట్టుమిషన్ మీద సంచులు, ఊళ్లో చేతిపంపుల నీటి లెక్క ఏదైనా కావొచ్చు. సాంకేతిక సలహాకు జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఆంధ్రలో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో రైతు వేదిక ఉన్నాయి, పశువుల డాక్టరు ఉన్నాడు. ఫోన్ చేసి అడగాల్సింది నాన్న కాదు, పిల్ల. ఒక అధికారితో “సార్, నా కోడిపిల్లలు తూగుతున్నాయి, రాణిఖెత్ టీకా ఎప్పుడు వేయించాలి?” అని పద్నాలుగేళ్లప్పుడు అడగగలిగిన అమ్మాయి, రేపు బ్యాంకు మేనేజరు ముందు తల దించుకోదు.

డబ్బు సంగతి గట్టిగా పట్టుకోవాలి. పెట్టుబడిని బహుమానంగా ఇవ్వకండి, అప్పుగా ఇవ్వండి. ఎప్పుడు తీర్చాలో కాగితం మీద రాయండి. కోడిపిల్లలు తెగులొచ్చి చనిపోతే అప్పు మాఫీ చెయ్యడం కంటే గడువు పొడిగించడం మేలు. లాభం వస్తే అది పిల్లదే. ఇంటి ఖర్చుకు వాడుకుని తరువాత ఇస్తామనడం, ఆడపిల్ల సంపాదన కదా అని అన్న ఫీజుకు కట్టెయ్యడం లాంటివి జరిగితే వచ్చే ఏడాది ఆ పిల్ల సంఘానికి రాదు, రాకపోవడమే న్యాయం కూడా.

నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద మూడు ప్రశ్నలు రాయించండి. నేను ఏం చెయ్యబోతున్నాను? నాకు ఇప్పుడు ఏం తెలుసు? ఏం తెలియదు? ఆ తరువాత తేదీ, పని, ఖర్చు, గమనించింది అని నాలుగు గడులు. రాత తప్పులు దిద్దకండి. దిద్దితే పిల్ల పరీక్ష కోసం రాసినట్టు రాస్తుంది, నిజం రాయదు. ఫోనులో ఫొటోలు తీసుకోవచ్చు, అంకెలు మాత్రం చేత్తోనే రాయాలి.

పెద్దవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది చేతులు కట్టుకుని చూడటం. ఆకుకూరల మడిలో నీళ్లు ఎక్కువయ్యాయని కళ్లముందే కనిపిస్తుంది. చెప్పెయ్యాలనిపిస్తుంది. చెప్పే ముందు “నీకేమనిపిస్తోంది?” అని అడిగి ఆగాలి. తోటకూర కుళ్లిపోతే పోయేది ముప్పై రూపాయల విత్తనం. అయితే ఆగకూడని చోట్లు కొన్ని ఉన్నాయి: పురుగుమందులు, కరెంటు మోటార్లు, బావులు, పిల్లలను ఒంటరిగా దూరం పంపాల్సిన పనులు. పురుగుమందు డబ్బా పిల్లల చేతికి ఏ పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు. సంఘంలో పిల్లలతో మెలిగే ప్రతి పెద్దమనిషి గురించీ ఊరికి తెలిసి ఉండాలి. సమావేశం తలుపులు తీసి ఉన్న చోటే జరగాలి, కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒకరు ఆడవాళ్లయితే మరీ మంచిది.

పదో తరగతి రాగానే “ఇవన్నీ పక్కన పెట్టు, చదువుకో” అన్న మాట వస్తుంది. ఆ మాటకు ముందే సిద్ధపడి ఉండాలి. ఆ ఏడాది పని చిన్నది చెయ్యొచ్చు. రెండు సెంట్లు అరసెంటు కావొచ్చు, సమావేశానికి రెండు నెలలకోసారి రావొచ్చు, కానీ పూర్తిగా మానిపించకండి. ఫోర్-హెచ్‌లో పదహారు, పదిహేడేళ్లవాళ్లకు వేరే పని ఉంటుంది. వాళ్లు చిన్నవాళ్లకు నేర్పుతారు, సంతలో ఏర్పాట్లు చూస్తారు. మన దగ్గర ఇంటర్‌కు పట్నం హాస్టలుకు వెళ్లిన పిల్ల కూడా సెలవుల్లో వచ్చి కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లకు కోడిపిల్లల బరువు తూచడం నేర్పగలదు. త్రాసు ఎలా పట్టుకోవాలో, కోడిపిల్లను సంచిలో వేసి తూచి సంచి బరువు ఎలా తీసెయ్యాలో చూపించడానికి పావుగంట చాలు.